ఎనిమిది నిమిషాల గంట

మా లండన్‌లో కూడా ఒక థేమ్స్ ఉంది. ఒంటారియోలో, టొరంటోకి రెండు గంటల దూరంలో ఉన్న ఈ ఊరికి పేర్లు పెట్టినవాళ్ళు పాత ఊరి మీద బెంగతో ఉన్నారేమో, నదికీ అదే పేరు పెట్టారు, దాని మీద ఒక వంతెనకి బ్లాక్‌ఫ్రయర్స్ అని పెట్టారు. జనవరిలో నది అంచులు గడ్డకడతాయి. మధ్యలో మాత్రం నల్లటి నీళ్ళు చప్పుడు లేకుండా కదులుతుంటాయి. పొగమంచు పట్టిన ఉదయాల్లో వంతెన సగం దాకానే కనిపిస్తుంది. మిగతా సగం ఎక్కడికి పోతుందో తెలియదు.

ఆ కనిపించే సగంలో, రెయిలింగు మీద చేతులు ఆనించి నిలబడి ఉన్నారాయన. ఎనభై దాటిన మనిషి. చెవుల మీదికి లాగిన ఉన్ని టోపీ, మోకాళ్ళ కిందికి దిగిన పాత కోటు.

"ఇది ఏ దిక్కుకి పారుతుందండీ?" అని అడిగారు, నన్ను కాక నీళ్ళని అడుగుతున్నట్టు.

"పడమరకి," అన్నాను.

"మాది తూర్పుకి పారేది. ముప్ఫై ఏళ్ళు దాని పక్కన కూర్చున్నాను. ఇది చూస్తుంటే వెనక్కి తిరిగి పోతున్నట్టుంది."

నేను యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. నది వెనక్కి తిరగడం లాంటి మాటలు ఎవరన్నా అంటే ఊరుకునే అలవాటు లేదు. ఆ రోజు ఎందుకో ఊరుకున్నాను. ఇద్దరం వంతెన దాటి నది పక్క కాలిబాట మీద నడిచాం. బాట చివరికి వచ్చేసరికి ఆయన ఎవరో తెలిసింది. ఉత్తర ఇంగ్లండులో ఒక బట్టల మిల్లుల ఊరి నుంచి బ్రిటిష్ పార్లమెంటులో ముప్ఫై ఏళ్ళు సభ్యుడు. వామపక్షం వాడు. సొంత పార్టీలోనే ఎడమ చివర కూర్చున్నవాడు. ఒక్కరోజు కూడా మంత్రి కాలేదు. భార్య పోయాక ఇక్కడ హాస్పిటల్లో నర్సుగా పనిచేస్తున్న కూతురి దగ్గరికి వచ్చేశారు.

ఆ రోజు నుంచి నేను ఆయన్ని 'ఎంపీ గారూ' అని పిలిచాను. పదవి దిగిపోయి చాలా ఏళ్ళయిందని ఆయన అన్నారు. మాలో ఒకసారి ఎంపీ అయినవాడు ఎప్పటికీ ఎంపీ గారేనని చెప్పాను. "మాలో ఓడిపోయిన మర్నాడే పేరు పెట్టి పిలుస్తారు. బస్సులో సీటు కూడా ఇవ్వరు," అని నవ్వారు. ఆ 'గారు' మాత్రం ఆయనకి నచ్చింది. నన్ను 'ప్రొఫెసర్' అనేవారు.

ఆ చలికాలమంతా నడిచాం. ఆ నడకలు ఇప్పుడు గుర్తుచేసుకుంటే విడివిడి రోజులుగా రావు. మంచు పడుతున్న ఒకే పొడుగాటి ఉదయంలా వస్తాయి. ఆయన గొంతు పక్కన నడుస్తూ ఉంటుంది. ఆ గొంతులో వేరే దేశపు వాన, తడిసిన ఇటుక గోడలు, మిల్లు వదిలాక వీధి నిండిపోయే చెక్క బూట్ల చప్పుడు. వాళ్ళమ్మ నేతమిల్లులో పనిచేసేది. మరమగ్గాల రొదలో మాట వినపడదు కాబట్టి ఆడవాళ్ళు పెదాల కదలిక చూసి మాట్లాడుకునేవారట. "సభలో ఎదుటి బెంచీ వాళ్ళు గుసగుసలాడుకుంటే నాకు అర్థమయ్యేది. ఆ చదువు అమ్మ దగ్గర నేర్చుకున్నాను," అన్నారు. రెండుసార్లు ఓడిపోయి మూడోసారి గెలిచారు. ప్రతి శనివారం పొద్దున లైబ్రరీ మేడమీద ఒక గదిలో కూర్చునేవారు. ఎవరైనా రావచ్చు. గోడలు చెమ్మగిల్లాయని వచ్చేవారు, పెన్షను ఆగిపోయిందని వచ్చేవారు, వీసా రాలేదని వచ్చేవారు. ముప్ఫై ఏళ్ళలో తను చేసిన పనంతా ఆ గదిలోనే చేశానని ఆయన నమ్మకం. "మిగతాదంతా నడక," అనేవారు.

అది నిజంగా నడకే. ఓటింగు వచ్చినప్పుడు చెయ్యెత్తడం, బటన్ నొక్కడం ఉండవట. గంట మోగుతుంది. భోజనశాలలో, లైబ్రరీలో, మెట్ల మీద, అంతటా మోగుతుంది. ఎనిమిది నిమిషాలు. ఆలోగా సభకి రెండు పక్కలా ఉన్న నడవాల్లో ఏదో ఒకదానిలోకి నడిచి వెళ్ళాలి. 'అవును' అనేవాళ్ళు ఒక నడవాలోకి, 'కాదు' అనేవాళ్ళు ఇంకోదానిలోకి. ఎనిమిది నిమిషాలు కాగానే తలుపులు మూసేస్తారు. లోపలున్నవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వస్తుంటే తలలు లెక్కపెడతారు. అభిప్రాయాన్ని ఒంటితో మోసుకుపోవాలన్నమాట. నాకు అది ఎంతగా నచ్చిందంటే, కలలో కూడా వచ్చింది. నదిగట్టున మంచులో రెండు బాటలు, ఎక్కడో గంట, నేను ఎటూ కదలలేక బరువెక్కిన బూట్లతో నిలబడి ఉండటం.

ఒక రోజు అడిగాను. "మీ ఓట్లన్నిట్లో కష్టమైనది ఏది?"

ఆయన టోపీ మీద మంచు దులుపుకున్నారు. తర్వాత చెప్పారు. వాళ్ళ పార్టీయే అధికారంలో ఉంది. వలస వచ్చినవాళ్ళు భార్యాపిల్లల్ని తెచ్చుకోవడం కష్టం చేసే బిల్లు తెచ్చింది. శనివారం గదికి ఒక మిల్లు కార్మికుడు వచ్చాడు. పంజాబు నుంచి వచ్చినవాడు. భార్య, ఇద్దరు పిల్లలు అక్కడే ఉండిపోయారు. కాగితాలు సగంలో ఉన్నాయి. ఆ బిల్లుకి వ్యతిరేకంగా ఓటేస్తానని ఆయన ఆ మనిషి చెయ్యి పట్టుకుని మాటిచ్చారు. పార్టీ విప్ పిలిచి, ఎదురు తిరిగితే వచ్చే ఎన్నికల్లో టికెట్టు మర్చిపొమ్మన్నాడు. ఓటింగు రోజు సాయంత్రం నాలుగు దాటాక గంట మోగింది.

"ఎనిమిది నిమిషాలు చాలా పొడుగు, ప్రొఫెసర్," అన్నారు.

అప్పుడే కూతురి కారు వచ్చి ఆగింది. ఆయన ఎక్కి వెళ్ళిపోయారు.

నేను ఇంటికి వచ్చి కోటు విప్పకుండా కూర్చుని రాశాను. ఇక్కడి తెలుగువాళ్ళు నడిపే పత్రికకి ఏడాదికి నాలుగు వ్యాసాలు రాస్తుంటాను. కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించే ఇంజనీర్ల మీద, ముహూర్తం చూసి సిజేరియన్ చేయించుకునేవాళ్ళ మీద. చదివి తిట్టుకుంటారు, అయినా చదువుతారు. ఈసారి ఒక మనిషిని మెచ్చుకుంటూ రాశాను. ఇలా రాశాను: 'ఒక కార్మికుడికి ఇచ్చిన మాట కోసం ఆయన సొంత పార్టీకి వీపు తిప్పి, కాదు అనే నడవాలోకి ఒంటరిగా నడిచారు.' ఆ వాక్యం నాకు కంటి ముందు కనపడింది. మంచు పడుతున్నట్టుగా, మెల్లగా, ఆయన కోటు వీపు నడవాలోకి వెళ్ళడం కనపడింది.

ఆయన ఆ మాట అనలేదు. అన్నారనే అనుకున్నాను.

వ్యాసం అచ్చయిన వారానికి తెలుగు సంఘం ప్రెసిడెంటు గారు ఫోన్ చేశారు. రిటైరైన గుండె డాక్టరు. మంచివాడు. మా ఇద్దరికీ ప్రతి సభలోనూ గొడవే.

"మేడమ్, కళ్ళు చెమర్చాయి. అలాంటి మహానుభావుడు మన ఊళ్ళో ఉంటే మనం సన్మానం చెయ్యకపోతే ఎలా? వార్షికోత్సవానికి పిలుద్దాం."

"పిలవండి డాక్టరు గారూ. దీపం, ప్రార్థనాగీతం ఉంటే మాత్రం నేను రాను."

"దీపం లేకుండా సభేమిటమ్మా! ఫైర్ అలారం వాళ్ళే ఒప్పుకున్నారు, మీరు ఒప్పుకోరా?"

"వైద్యశాస్త్రం చదివిన మీరు..."

"సరే సరే. మీరు రాకముందే వెలిగించేస్తాం. మీరు వచ్చేసరికి అది మామూలు లైటు అనుకోండి."

నేనే వెళ్ళి ఎంపీ గారిని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "నేను దానికి తగను," అన్నారు. ఆ మాటే ప్రెసిడెంటు గారికి చెప్పాను. "చూశారా సంస్కారం!" అన్నారాయన. రెండోసారి ఎంపీ గారిని అడిగితే, "మీరు ఆ రోజు గురించి రాయకుండా ఉండాల్సింది," అన్నారు. వ్యాసం తెలుగులో ఉంది. లోపల ఏం రాశానో నేను ఆయనకి చదివి వినిపించలేదు, మీ ఓటు గురించి రాశానని మాత్రమే చెప్పాను. మూడోసారి, "మీవాళ్ళు నా విషయంలో పొరపాటు పడుతున్నారు," అన్నారు.

ఇక్కడ మా అలవాటొకటి చెప్పాలి. మా సభల్లో సన్మానం పొందేవాడు వద్దనాలి. నేనెంతవాణ్ణండీ అనాలి. కనీసం మూడుసార్లు అనాలి. ఒక్కసారికే ఒప్పుకుంటే అహంకారి అంటారు. కాబట్టి ఎవరు ఎన్నిసార్లు కాదన్నా అది అవుననడంలో ఒక మెట్టు అని మాకు నరాల్లో ఉండిపోయింది. మనిషిని దేవుణ్ణి చెయ్యడానికి మావాళ్ళకి పావుగంట చాలు, చేతిలో శాలువా ఉంటే పది నిమిషాలు చాలని నేనే ఎన్నోసార్లు వెక్కిరించాను. ఆ మూడు వద్దుల్నీ నేను కూడా వాళ్ళలాగే విన్నాను. వినయం అనుకున్నాను. చివరికి, నా మాట తీసేయలేక కాబోలు, ఆయన వస్తానన్నారు.

ఒక హైస్కూల్ ఆడిటోరియం. ఆదివారం మధ్యాహ్నం. కిటికీల బయట మంచు దూదిలా పడుతోంది. లోపల పులిహోర వాసన. ముందు వరుసల్లో పెద్దవాళ్ళు. వెనక వరుసల్లో వాటర్లూ నుంచీ మార్కమ్ నుంచీ వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలు. నడుమ ఇంగ్లీషులో అరుచుకుంటూ పరిగెత్తే చిన్నపిల్లలు. స్టేజి మీద ఆయన్ని మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన అనువాదానికి నేను.

ప్రెసిడెంటు గారు పరిచయం మొదలుపెట్టారు. మిల్లు కార్మికురాలి కొడుకుగా పుట్టినప్పటి నుంచి ఎత్తుకున్నారు. ఎంపీ గారు నావైపు వంగి, ఏమంటున్నారని అడిగారు. చెవిలో చెబుతూ వచ్చాను. పరిచయం నా వ్యాసం దగ్గరికి వచ్చింది. "పార్టీకి వీపు తిప్పి, ఒంటరిగా!" అని ప్రెసిడెంటు గారు చెయ్యెత్తారు. హాలు చప్పట్లతో మోగిపోయింది. నేను ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో ఆయన చెవిలో చెప్పాను. నా చేతి పక్కన కుర్చీ మీదున్న ఆయన చెయ్యి బిగుసుకోవడం చూశాను.

శాలువా కప్పారు. జ్ఞాపిక ఇచ్చారు. గాజు పలక. దాని మీద నా వాక్యం తెలుగులో, ఇంగ్లీషులో చెక్కించారు. ఆయన ఇంగ్లీషులో ఉన్నది చదివారు. శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీ మీద పెట్టి, మైకు దగ్గరికి వెళ్ళారు.

"నేను ఆ రోజు బిల్లుకి వ్యతిరేకంగా ఓటెయ్యలేదు," అన్నారు.

జనం చప్పట్లు కొట్టారు.

ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశారు. మళ్ళీ మైకులో అన్నారు. "మీరు అనుకుంటున్న మనిషిని నేను కాదు."

ఇంకా గట్టిగా కొట్టారు. ముందు వరుసలో ఒక పెద్దాయన పక్కాయనతో, "ఎంత నిగర్వి చూడండి!" అనడం స్టేజి మీదికి వినపడింది. ప్రెసిడెంటు గారి కళ్ళు నిజంగానే తడిశాయి. ఆ హాలు మొత్తం ఏదో తియ్యటి నిద్రలో ఉన్నట్టుంది. ఆయన మాటలు మంచులో పడుతున్న రాళ్ళలా, చప్పుడు లేకుండా దిగిపోతున్నాయి.

ఆయన చెబుతున్నది నిజమేనని ఆ క్షణంలో నాకు అర్థమైంది. మా చిన్నప్పుడు తెనాలిలో, టైలరింగు షాపు పైగదిలో ఆదివారం హేతువాదుల చర్చలు జరిగేవి. మా నాన్న నడిపేవాడు. ఎవరు ఏది చెప్పినా ఎక్కడ దొరికింది నీకు అని అడిగేవారు. చూపించలేకపోతే కూర్చోవాల్సిందే. పదేళ్ళ పిల్లనైనా వదిలేవారు కాదు. బ్రిటిష్ పార్లమెంటులో ఎవరు ఎటు ఓటేశారో జాబితాలు అందరికీ అందుబాటులో ఉంటాయి. ఐదు నిమిషాల పని. నేను చెయ్యలేదు. నిమ్మకాయల వాళ్ళని అడిగిన ప్రశ్న నన్ను నేను అడగలేదు, ఎందుకంటే ఆ కథ నాకు కావాలి.

లేచి మైకు అందుకున్నాను.

"చప్పట్లు ఆపండి," అన్నాను తెలుగులో. "ఇది వినయం కాదు. ఆయన నిజం చెబుతున్నారు. ఆయన వ్యతిరేకంగా ఓటెయ్యలేదు. నేను కనుక్కోకుండా రాశాను. ఆ పలక మీదున్నది అబద్ధం. అది నాది, ఆయనది కాదు."

పిల్లలు కూడా పరిగెత్తడం ఆపారు.

అప్పుడు ఆయన చెప్పారు, నేను ఒక్కొక్క వాక్యమే తెలుగులోకి తెచ్చాను. గంట మోగినప్పుడు ఆయన టీ గదిలో ఉన్నారు. ముందు కప్పు టీ ఉంది. లేవాలనుకున్నారు. కప్పు పూర్తిచేసి లేద్దామనుకున్నారు. కిటికీలోంచి నది కనిపిస్తోంది, ఒక పడవ వంతెన కిందికి వెళుతోంది, అది అవతలికి వచ్చాక లేద్దామనుకున్నారు. తలుపులు మూసేశారు. అవును అనలేదు, కాదు అనలేదు. విప్ మర్నాడు భుజం తట్టాడు. తర్వాతి శనివారం ఆ మిల్లు కార్మికుడు స్వీట్ల పెట్టెతో వచ్చాడు. ఓటేశారనే అనుకున్నాడు. రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నేను చెప్పలేదు. ఒకటి తీసుకుని తిన్నాను," అన్నారు. "బాగుంది."

వెనక వరుసలోంచి ఒకమ్మాయి లేచింది. హైదరాబాదులో ఉన్న అమ్మానాన్నల్ని ఇక్కడికి తెచ్చుకునే స్పాన్సర్‌షిప్ కోసం మూడేళ్ళుగా ఎదురుచూస్తోందని మాకందరికీ తెలుసు.

"సర్, మీరు వేసినా బిల్లు పాసయ్యేదేనా?"

"అయ్యేది. చాలా తేడాతో."

"వాళ్ళ ఫ్యామిలీ వచ్చిందా?"

"చాలా ఏళ్ళకి. ఎయిర్‌పోర్టుకి నేనూ వెళ్ళాను. పెద్ద పిల్ల తల్లి కంటే పొడుగైపోయింది. తండ్రి గుర్తుపట్టలేదు."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నారు?"

"నువ్వు చప్పట్లు కొట్టావు కదా, అందుకు."

"నాకు మీ మీద కోపంగా ఉంది సర్," అంది ఆ అమ్మాయి. "ఉండాలి," అన్నారాయన. ఆమె కూర్చుంది. నేను ఇన్నేళ్ళలో మా సభల్లో విన్న ఒకే ఒక్క నిజమైన చర్చ అది. నాలుగు మాటల్లో అయిపోయింది.

ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుని భోజనాలు చల్లారిపోతున్నాయన్నారు. జనం లేచారు. ప్రెసిడెంటు గారు నా దగ్గరికి వచ్చి, పలకని రెండు చేతులతో పట్టుకుని, "దీన్నేం చేద్దాం మేడమ్? పేరు కూడా చెక్కించేశాం," అన్నారు, పాపం, నిజంగా దిక్కు తోచక. నాకివ్వమన్నాను. ఇప్పుడు అది మా ఇంట్లో, నేను రాసుకునే బల్ల మీద ఉంది.

తర్వాతి సంచికలో సవరణ రాశాను. నా వ్యాసాలన్నిటికీ వచ్చినదానికంటే దానికి ఎక్కువ తిట్లు వచ్చాయి. ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "మంచి మనిషిని మంచివాడిగా ఉండనివ్వరా మీరు?" అంది. ఆయన మంచివాడు కాదని నేను రాయలేదండీ అన్నాను. మరి ఎందుకు రాశారంది. ముప్ఫై ఏళ్ళ శనివారాలు నిజమే, ఆ ఒక్క సాయంత్రం కూడా నిజమే, రెండిట్లో ఒకటి దాచి రెండోది పూజించడం నా వల్ల కాదన్నాను. ఫోన్ పెట్టేసింది.

రెండు వారాలు ఆయన నడకకి రాలేదు. చలి ఎక్కువగా ఉందని కూతురు చెప్పింది. మూడో వారం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. మధ్యాహ్నపు ఎండ మంచు మీద పడి గది కప్పు మీద కదులుతోంది. నీళ్ళ అడుగున కూర్చున్నట్టుంది. టాబ్లెట్‌లో ఆ రోజు జాబితా తెరిచి తీసుకెళ్ళాను.

"ఎప్పుడైనా చూశారా?" అని అడిగాను.

"లేదు. ఒక్కసారి కూడా."

కళ్ళజోడు పెట్టుకున్నారు. 'కాదు' అన్నవాళ్ళ పేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి. వేలితో మెల్లగా కిందికి జరుపుతూ వచ్చారు. చాలామంది పోయినవాళ్ళు. ఒక్కో పేరు దగ్గర ఆగి చిన్నగా ఏదో అనుకున్నారు. తన అక్షరం వచ్చింది. తన ముందు ఉండాల్సిన పేరు, తన తర్వాత ఉండాల్సిన పేరు, ఒకదాని కింద ఒకటి. మధ్యలో ఖాళీ ఏమీ లేదు. రెండు పేర్లూ ఎప్పటి నుంచో అలాగే పక్కపక్కన ఉన్నట్టున్నాయి.

ఆయన వేలిగోరు ఆ రెండు వరుసల నడుమ పెట్టారు.

"ఇక్కడ," అన్నారు.

చాలాసేపు వేలు తియ్యలేదు. తర్వాత తెరని పైకి జరిపి, 'అవును' అన్నవాళ్ళ జాబితా తెరిచి, అందులోనూ తన చోటు వెతకడం మొదలుపెట్టారు.